అర్చనలో చదివిన పేరు

కమ్మింగ్, జార్జియా
జనవరి, 2024

భాస్కరరావుకి,

లబ్బక్‌లో మీ అపార్ట్‌మెంట్ వంటగదిలో, ఆ డాక్టరు భార్య ఎదుట నువ్విచ్చిన మాట నేను మర్చిపోలేదు. ఆవిడ చెంప వాచి ఉంది. ఆవిడ మొగుడు అప్పట్లో మన తెలుగు సంఘానికి అధ్యక్షుడు. "మా ఇద్దరి పేర్లతో పత్రికలో వేస్తాం అక్కా, ఎవడేం చేస్తాడో చూద్దాం" అన్నావు. తీరా మనిద్దరం నడిపే ఆ చిన్న పత్రిక అచ్చుకి వెళ్ళేరోజు ఫోన్ చేసి, "గ్రీన్ కార్డు పనిలో ఉంది విశ్వం, నా పేరు తీసెయ్యి" అన్నావు. తీసేశాను. సంపాదకీయం కింద నా పేరొక్కటే పడింది. ప్రకటనలు ఆగిపోయి పత్రిక మూతపడింది. ఆవిడ మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళింది. మరుసటి సంవత్సరం నువ్వు అదే సంఘానికి కార్యదర్శివయ్యావు.

ఆ తరవాత మనకి మాటల్లేవు. నేను ఊళ్ళు మారాను, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి చెప్పి రిటైరయ్యాను, భార్యను పోగొట్టుకున్నాను. నీ దగ్గరనుంచి ఒక్క ముక్క రాలేదు. రావాలని నేనూ కోరుకోలేదు. ఇప్పుడు నీకు రాయడం నా ఇష్టంతో జరుగుతున్న పని కాదు.

మీ అమ్మాయి అలేఖ్య బతికే ఉంది. తింటోంది, నిద్రపోతోంది. ఆ సంగతి మీకు చెప్పమంది. ఎక్కడుందో చెప్పొద్దంది. రాయడమే వద్దని నేనన్నాను. "మా అమ్మ తిండి మానేస్తుంది అంకుల్" అంది. అందుకని రాస్తున్నాను.

మీ అల్లుడు జగదీష్ చేసిన ప్రచారం చూశాను. నా దగ్గర స్మార్ట్ ఫోన్ లేదు, ఈమెయిల్ లేదు. పక్కింటి రేణు వచ్చి, "చూడండి అంకుల్, పాపం, ఎవరో మనవాళ్ళమ్మాయి కనిపించడం లేదట" అని తన ఫోన్ నా చేతికిచ్చింది. పెళ్ళిచీరలో అలేఖ్య. "మన తెలుగింటి ఆడపడుచు ఆచూకీ తెలిపి పుణ్యం కట్టుకోండి." దాని కింద దండాలు పెట్టే బొమ్మలు. అట్లాంటా నుంచి సియాటిల్ దాకా ప్రతి తెలుగువాడూ పంచుకున్నాడు. ఆ బొమ్మల కింద, సొంత పేరు పెట్టుకునే ధైర్యం లేని పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. ఒకడి పేరు "తెలుగు టైగర్", ఇంకొకడి పేరు "నిజం మాట్లాడేవాణ్ణి". ఎవడితోనో లేచిపోయి ఉంటుందని టైగర్ తీర్పు చెప్పాడు. ఉద్యోగాలకి పంపితే ఇంతేనని నిజం మాట్లాడేవాడు ఆమోదించాడు. రోమన్ చక్రవర్తుల కాలంలో తోటి పౌరుడి మీద చాడీలు మోసినవాడికి అతని ఆస్తిలో వాటా దక్కేది. మనవాళ్ళు అదే పని ఉచితంగా చేస్తున్నారు, పైగా పుణ్యం వస్తుందని చేస్తున్నారు.

జవాబు రాయదలిస్తే కాగితం మీద రాయి. నా పేరు ఫోన్‌లో పలకకు.

విశ్వనాథ్


ప్లేనో, టెక్సస్
ఫిబ్రవరి

ప్రియమైన విశ్వం,

కవరు మీద నీ దస్తూరీ చూడగానే గుర్తుపట్టాను. అన్నపూర్ణకి ఉత్తరం చదివి వినిపించాను. "బతికే ఉంది" అన్న ముక్క దగ్గర ఆపి, మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

పాత సంగతి ఎత్తావు. ఎత్తే హక్కు నీకుంది. అప్పుడు నా చంకలో చంటిపిల్ల ఉంది, ఆ చంటిపిల్లే అలేఖ్య. ఇంతకంటే ఏం చెప్పను?

నీకు అమ్మాయి ఏం చెప్పిందో నాకు తెలియదు కానీ, ఒక్కటి మాత్రం న్యాయంగా ఆలోచించు. జగదీష్ ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. తాగడు. పెద్ద కంపెనీలో డైరెక్టరు. ఫ్రిస్కోలో మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ చూసి ఇల్లు కొన్నాడు. ఇంట్లో కెమెరాలు పెట్టిన మాట నిజమే, సేఫ్టీ కోసం పెట్టాడు. మా ఇంటి హాల్లోనూ అతనే పెట్టించి వెళ్ళాడు, మేం కిందపడితే తెలుస్తుందని. ఫోన్‌లో లొకేషన్ అంటావా, ఈ రోజుల్లో ఎవరు షేర్ చేసుకోవడం లేదు? మా వీధిలో కాలేజీ పిల్లలు కూడా తల్లిదండ్రులతో షేర్ చేస్తారు. "మామయ్యగారూ, షీ ఈజ్ మై లైఫ్, సేఫ్‌గా ఉందని తెలిస్తే చాలు" అని నా ఎదురుగా కూర్చుని ఏడ్చాడు. చూడలేకపోయాను.

వియ్యంకుడు కరీంనగర్ నుంచి రోజూ ఫోన్ చేస్తున్నాడు. పెద్దమనిషి, ఒక్క మాట కూడా తూలడు. అదే ఇంకా కష్టంగా ఉంది. నేనేం చెప్పాలి? నా కూతురు ఎక్కడుందో నాకు తెలియదు అని చెప్పుకోవడం ఎలా ఉంటుందో నీకు తెలియదు విశ్వం.

అన్నపూర్ణ అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. "అన్నయ్యగారి దగ్గరే ఉందంటే నేను నిద్రపోతాను" అంటోంది. మీ ఇంట్లోనే ఉందా? ఉంటే అవునని ఒక్క ముక్క రాయి. ఇంకేం అడగను.

నీ
భాస్కరం


కమ్మింగ్
ఫిబ్రవరి

భాస్కరరావుకి,

చెయ్యి చేసుకోలేదని రాశావు. లబ్బక్‌లో వాచిన చెంప చూశాక కూడా నీ పేరు తీయించుకున్నవాడివి, ఇక్కడ వాపు లేదని ఊరట పడుతున్నావు. అందుకని వివరంగా రాస్తాను. మీ హాల్లో అల్లుడి కెమెరా ఉందన్నావు కదా, ఇది బాత్‌రూమ్‌లో తలుపేసుకుని చదువుకో.

వంటింటి కెమెరాకి స్పీకర్ ఉంది. ఆఫీసులో కూర్చుని, "పాలు పొంగుతున్నాయి, చూసుకో" అనేవాడట. మొదట్లో ఇద్దరూ నవ్వుకున్నారు. తరవాత, "డెలివరీ వాడొస్తున్నాడు, ఆ నైటీ మార్చుకో." తరవాత, "ఇందాక ఫోన్‌లో ఎవరితో నవ్వావు?" ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ పార్కు పక్కన కారాపుకుని కాసేపు కూర్చుంది. మండు వేసవి. కార్లో ఏసీ దానంతటదే ఆగిపోయింది. అది అతని ఫోన్‌లోంచి ఆగింది. "ఎండలో కూర్చోవాలనుంటే కూర్చో" అని మెసేజ్ వచ్చింది. కాగితం మీద ఏదైనా రాసుకుంటుంటే కెమెరాకి చూపించమనేవాడు. చివరికి స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో తనతో తనే మాట్లాడుకునేదట. గొంతు మర్చిపోకుండా ఉండటానికి అంకుల్, అంది. నువ్వు దీన్ని సేఫ్టీ అన్నావు.

ఎలా బయటపడిందో కూడా విను. ఫ్రిస్కోలో ఏదో గుడికి కల్యాణం చూడటానికి వెళ్ళింది. చెప్పుల స్టాండులో చెప్పులు విప్పి, ఒక చెప్పులో ఫోన్ పెట్టింది. సంచిలోంచి వేరే చెప్పులు తీసి వేసుకుని, వెనక గుమ్మంలోంచి నడిచిపోయింది. తను ఎక్కడుందో అతని ఫోన్‌లో చూపించే నీలం చుక్క గుళ్ళోనే ఉంది. సాయంత్రం దాకా పెళ్ళాం భక్తికి మురిసిపోయి ఉంటాడు. ఆ వేళకి అలేఖ్య అట్లాంటా బస్సులో ఉంది.

అవును, మా ఇంట్లోనే ఉంది. మేడమీద గదిలో ఉంటుంది. అన్నపూర్ణ నిద్రపోవాలి కనుక రాస్తున్నాను, నీ కోసం కాదు. నా భార్య పోయినప్పుడు నీకు తెలియకుండా అన్నపూర్ణ నాకొక కార్డు రాసింది. దాన్ని పోస్టులో వేసింది అలేఖ్య. ఆ అడ్రసు గుర్తుపెట్టుకుంది. మీ గరాజ్‌లో పాత పత్రికల పెట్టె కదిపి, ఆ సంపాదకీయం కూడా చదివిందట. మిగతా సంపాదకీయాలన్నిటి కింద ఇద్దరి పేర్లుంటే, దీని కింద ఒక్కరిదే ఎందుకుందని నన్నడిగింది. మీ నాన్ననడుగు అన్నాను.

ఇక్కడికే ఎందుకు వచ్చిందో నువ్వు అర్థం చేసుకోవాలి. స్నేహితురాళ్ళు అతని ఫోన్‌లో ఉన్నారు. బంధువులు ఉన్నారు. ఆఫీసువాళ్ళు ఉన్నారు. ఈ దేశంలో మీ కుటుంబానికి తెలిసిన ప్రతి తెలుగు ఇల్లూ ఏదో ఒక గ్రూపులో ఉంది. నేనొక్కణ్ణే లేను. నువ్వు నన్ను వదిలేశావు, నేను నిన్ను వదిలేశాను. మనిద్దరం కలిసిన ఫోటో లేదు, ఫోన్ కాల్ లేదు, పుట్టినరోజు శుభాకాంక్షలు లేవు. నీ పేరు పక్కన నా పేరున్న యంత్రం భూమ్మీద ఒక్కటి కూడా లేదు. మనం ఇన్నేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకపోవడం వల్ల ఈ లోకానికి జరిగిన మేలు అదొక్కటే. మీ అమ్మాయి ఆ మేలు వెనక దాక్కుంది.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఏమీ లేదు. నీకు అలవాటైన పనే. ఫోన్‌లో చెప్పకు, గుడిలో చెప్పకు, వియ్యంకుడికి చెప్పకు. మాట ఇవ్వు. కాగితం మీద, నీ సంతకంతో.

విశ్వనాథ్


ప్లేనో
మార్చి

ప్రియమైన విశ్వం,

బాత్‌రూమ్‌లోనే చదివాను. చదివి చింపి నీళ్ళలో వదిలాను. బయటికొస్తే అన్నపూర్ణ నా మొహం చూసి, "అక్కడే ఉంది కదూ?" అంది. తలూపాను. ఆ పూట అన్నం తింది. ఆ కార్డు సంగతి నేను అడగలేదు, తను చెప్పలేదు.

అమ్మాయి పడ్డ కష్టం చదివి బాధపడ్డాను. ఇంత ఉందని తెలియదు. అయినా విశ్వం, పెళ్ళయి నాలుగేళ్ళే. కౌన్సెలింగ్ అనేది ఒకటుంటుంది. ఇవాళ్టి కోపం రేపు ఉండదు. ఆ కుర్రాడు కూడా నలిగిపోతున్నాడు. అలా మొండికేసి తెగతెంపులు చేసుకుంటే ఏం మిగులుతుందో మనిద్దరికీ తెలుసు. నీకు తెలియదా?

నువ్వడిగిన మాట ఇస్తున్నాను. మా అమ్మాయి మీ ఇంట్లో ఉందని నేను ఎవరికీ చెప్పను. జగదీష్‌కి చెప్పను, వియ్యంకుడికి చెప్పను. ఇది నా సంతకం.

అమ్మాయి జన్మనక్షత్రం వస్తోంది. అన్నపూర్ణ పాయసం చేస్తానంటోంది, ఎవరికని అడిగితే ఏడుస్తుందని అడగలేదు. అమ్మాయికి మా ఆశీస్సులు చెప్పు. మిగతాది దేవుడు చూసుకుంటాడు.

నీ
భాస్కరరావు


కమ్మింగ్
ఏప్రిల్

భాస్కరరావుకి,

దేవుడు చూసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం తలుపు తీస్తే మీ అల్లుడు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో స్వీట్ల పెట్టె. వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"అంకుల్, నేను జగదీష్‌ని. భాస్కరరావుగారి అల్లుణ్ణి. మీరు మామయ్యగారికి గ్రాడ్ స్కూల్ ఫ్రెండట కదా."

"ఎవరు చెప్పారు?"

"మనవాళ్ళే అంకుల్. శుక్రవారం మీ ఊరి గుళ్ళో మా ఇద్దరి పేర్ల మీద అర్చన జరిగింది. మా అమ్మ కరీంనగర్‌లో టీవీ పెట్టుకుని రోజూ గుళ్ళ లైవ్‌లు చూస్తుంది. మా గోత్రం, నా పేరు, అలేఖ్య పేరు వినిపించేసరికి ఏడ్చేసింది. వెంటనే ఫ్లైట్ బుక్ చేశాను."

"అర్చన చేయిస్తే మనిషి అక్కడే ఉన్నట్టా? తిరుపతిలో చేయిస్తే తిరుపతిలో వెతుకుతావా?"

నవ్వాడు. నవ్వుతూనే నా కాళ్ళ దగ్గర చూశాడు. గుమ్మం ముందు సిమెంటు మీద ముగ్గుంది. వద్దని నేను చెప్పినా వినలేదు ఆ పిల్ల. ముగ్గుకి పేరుండదుగా అంకుల్, అంది.

"ముగ్గు బాగుంది అంకుల్. మీరే వేశారా?"

"నేనే వేశాను."

"మా ఇంట్లోనూ అచ్చం ఇలాగే ఉండేది. చివర ఇలా తోక వచ్చేలా." వేలితో గాలిలో గీసి చూపించాడు. "లోపలికి రావచ్చా? జస్ట్ ఫైవ్ మినిట్స్. ఐ వోంట్ ఈవెన్ రైజ్ మై వాయిస్."

"నువ్వు గొంతు పెంచవని తెలుసు. నీకా అవసరం లేదు. తనకి నీతో మాట్లాడాలనుంటే చేతికి వేళ్ళున్నాయి, దేశంలో ఫోన్లున్నాయి. మాట్లాడలేదంటే అదే జవాబు. ఇక్కణ్ణించి కదలకపోతే పోలీసుల్ని పిలుస్తాను. నా ల్యాండ్‌లైన్ గోడకే ఉంది, ఇంకా పనిచేస్తోంది."

"కూల్ అంకుల్. వెళ్తాను," అని స్వీట్ల పెట్టె ముగ్గు మధ్యలో పెట్టి వెళ్ళాడు. వీధి చివర కారాపుకుని చీకటిపడే దాకా కూర్చున్నాడు. పోలీసులొస్తే, పబ్లిక్ రోడ్డు మీద కూర్చోవడం నేరం కాదన్నాడట. నేరం కాదని వాళ్ళూ ఒప్పుకున్నారు.

అలేఖ్య వంటింట్లో కిందనే కూర్చుండిపోయింది. లేపడానికి వెళ్తే కుళాయి తిప్పమని సైగ చేసింది. నా ఇంట్లో, కెమెరా లేని ఇంట్లో, కుళాయి తిప్పితే గానీ మాట్లాడలేకపోయింది. ఇన్ని నెలలూ కాస్త కాస్త తేరుకుంటున్న మనిషి.

మర్నాడు ఇలాంటి ఆడవాళ్ళకి ఆశ్రయమిచ్చే సంస్థ నుంచి ఒకావిడ వచ్చి వెనకవైపు నుంచి తీసుకెళ్ళింది. ఎక్కడికో నాకు తెలియదు. అడగకూడదన్నారు. పేరు మార్చుకోవడానికి కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చని ఆవిడ చెబుతుంటే, మంచిదే, ఇక నా పేరు మీద ఎవరూ పూజలు చేయించలేరు అంది నీ కూతురు.

నేను గుడికి వెళ్ళాను. పూజారిని అడిగాను. "ఆన్‌లైన్‌లో వచ్చిన పేర్లు ప్రింట్ తీసుకుని చదువుతాం సార్, ఎవరెవరో మాకేం తెలుస్తుంది?" అన్నాడు. పాపం, ఆయన రికార్డింగ్ కూడా పెట్టి వినిపించాడు. శ్రీవత్స గోత్రం, జగదీష్ నామధేయం, ధర్మపత్ని అలేఖ్య, పునర్వసు నక్షత్రం. మొగుడి నుంచి దాక్కున్న పిల్లకి మొగుడి పేరు ముందు పెట్టి, మొగుడి గోత్రంతో మైకులో చదివించారు. పెళ్ళయిన ఆడపిల్లకి పుట్టింటి గోత్రం పనికిరాదని మీకు బాగా తెలుసు. శాస్త్రం తప్పలేదు, పిల్ల తప్పిపోయింది.

సరే, ఊరు తెలిసింది గుళ్ళోంచి అనుకుందాం. ఈ ఊళ్ళో తెలుగు ఇళ్ళు వీధికి సగం ఉన్నాయి. అతను ఏ తలుపూ తట్టకుండా తిన్నగా నా తలుపు దగ్గరికొచ్చాడు. మనిద్దరి పేర్లూ పక్కపక్కన ఉన్న యంత్రం లేదని నీకు రాశాను. అంటే మనిషి చెప్పాలి. ఎవరు చెప్పారు?

విశ్వనాథ్


ప్లేనో
ఏప్రిల్

ప్రియమైన విశ్వం,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మంచం దిగలేదు. బీపీ పెరిగింది. డాక్టరు మందు మార్చాడు.

అర్చన సంగతి నిజం. అది అన్నపూర్ణ చేసిన పని. తల్లి కదా, జన్మనక్షత్రం అని ఆగలేకపోయింది. అమ్మాయికి దగ్గర్లో ఉన్న గుడైతే మంచిదనుకుంది. ఫారంలో మొదటి గడి "కుటుంబ యజమాని" అని ఉంటుందట, అది నింపకపోతే ముందుకి పోదట. అందుకని అల్లుడి పేరు రాసింది. లైవ్ వస్తుందని ఆవిడకేం తెలుసు? అమాయకురాలు. నేను చూసుంటే ఆపేవాణ్ణి. తనని ఏమీ అనకు, ఇప్పటికే కుమిలిపోతోంది.

మీ ఇల్లు ఎలా తెలిసిందంటావా, ఈ కాలంలో ఏం దాగుతుంది విశ్వం? నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు కవరు హాల్లో టేబుల్ మీదే ఉంది, కెమెరాలో కనిపించి ఉంటుంది. మీ వీధిలో ప్రతి ఇంటికీ డోర్‌బెల్ కెమెరా ఉండే ఉంటుంది. మీ పక్కింటావిడ రేణు ఆ ఫోటో చూసిందని నువ్వే రాశావు, ఆవిడే ఏ గ్రూపులోనో పెట్టిందేమో. ఈ టెక్నాలజీ మనుషుల్ని బతకనివ్వడం లేదు. దానికి మనం ఒకర్నొకరం అనుమానించుకోవడం ఏమిటి?

నేను మాట తప్పలేదు. మా అమ్మాయి మీ ఇంట్లో ఉందని నా నోటితో ఎవరికీ చెప్పలేదు. దేవుడి మీద ఒట్టు.

మనిద్దరం పెద్దవాళ్ళమైపోయాం. ఎంతకాలం ఉంటామో తెలియదు. ఈ కష్టంలోనైనా మనం మళ్ళీ దగ్గరయ్యాం, దాన్ని పాడు చేసుకోవద్దు. వేసవిలో ఒకసారి ప్లేనో రా. అమ్మాయి కబురు తెలిస్తే వెంటనే రాయి.

నీ
భాస్కరం


ప్లేనో
మే

అన్నయ్యగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం ఇండియన్ షాపులో బియ్యం బస్తాల మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. ఇంట్లో రాయడానికి లేదు. హాల్లో కెమెరా తీసేద్దామంటే, "ఇప్పుడు తీస్తే అల్లుడు ఏమనుకుంటాడు" అన్నారు మీ స్నేహితుడు. షాపు అబ్బాయి కూర్చోమని స్టూలు ఇచ్చాడు. కూర్చుంటే ఎక్కువసేపు పడుతుందని నిలబడే రాస్తున్నాను.

మీ ఉత్తరాలు ఆయన నాకు చూపించడం మానేశారు. మొన్న కోటు ఉతకడానికి వేస్తుంటే జేబులో దొరికింది మీరు ఏప్రిల్లో రాసింది. కుళాయి తిప్పమందని రాశారు కదా. అక్కడ దాకా చదివి ఇంక చదవలేకపోయాను. మళ్ళీ మర్నాడు చదివాను.

అర్చన నేను చేయించానని ఆయన మా వాళ్ళందరికీ చెబుతున్నారు. మీకూ అలాగే రాసి ఉంటారు. అన్నయ్యగారూ, నాకు ఆ కంప్యూటర్ పాస్‌వర్డ్ కూడా తెలియదు. నేను చేస్తానన్నది పాయసం ఒక్కటే. "అమ్మాయి పేరున అర్చన చేయిస్తున్నా, నక్షత్రం పునర్వసే కదా" అని ఆయనే అడిగారు. మంచిదే కదా అనుకుని అవునన్నాను. అల్లుడి పేరు ఎందుకు పెట్టారో నాకు అప్పుడు తెలియదు.

ఇంకొకటి కూడా రాయాలి. ఇది రాయడానికే షాపుకొచ్చాను.

ఆ అర్చనకి ముందురోజు, గురువారం పొద్దున్న, కరీంనగర్ నుంచి వియ్యంకుడుగారు ఫోన్ చేశారు. మీ స్నేహితుడు స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నారు. నేను పోపు వేస్తున్నాను. ఇవి వాళ్ళ మాటలు, నేను ఒక్కటి కూడా కలపలేదు.

"బావగారూ, మా కోడలి జాడ ఏమన్నా తెలిసిందా?" అని ఆయన.

"అడగకండి బావగారూ. చెప్పనని మాటిచ్చాను, మాట తప్పేవాణ్ణి కాను," అని ఈయన. "రేపు కమ్మింగ్ గుళ్ళో పిల్లలిద్దరి పేర్ల మీద అర్చన పెట్టించాను. లైవ్ వస్తుంది. అక్కయ్యగారిని కూడా చూసి దణ్ణం పెట్టుకోమనండి."

"కమ్మింగా? అక్కడ మీకెవరున్నరు బావగారూ?" అని ఆయన.

"పాత ఫ్రెండ్ ఒకడున్నాడులెండి, విశ్వనాథ్ అని, కెమిస్ట్రీ ప్రొఫెసరు. మేం మాట్లాడుకోం. బాగా మొండివాడు." అని నవ్వారు ఈయన.

"సమజైంది బావగారూ. మీరేం జెప్పలేదు, మేమేం వినలేదు," అని ఆయన కూడా నవ్వారు.

నేను గరిటె పట్టుకుని అక్కడే ఉన్నాను. ఏదో తేడాగా ఉందనిపించింది. ఏమిటని అడిగితే, "మగవాళ్ళ మాటలు, నీకెందుకు, పోపు మాడుతోంది చూడు" అన్నారు. ఆ మాటలకి అర్థం మీ ఉత్తరం చదివాక తెలిసింది.

మొన్న రాత్రి భోజనం దగ్గర అడిగేశాను. ఒప్పుకోలేదు, కాదనలేదు. "పిల్ల కాపురం నిలబెట్టాలని తండ్రి తాపత్రయపడితే తప్పా? నేనేమైనా అడ్రసు చెప్పానా?" అన్నారు. ఆ తరవాత టీవీ పెట్టుకున్నారు.

అమ్మాయి వెళ్ళేటప్పుడు నా గురించి ఏమన్నా అందా? నన్ను తిట్టిందా? తిట్టినా ఫరవాలేదు, ఏమందో రాయండి. ఉత్తరం మా ఇంటికి వద్దు, ఈ షాపు అడ్రసుకి రాయండి, అబ్బాయి దాచిపెడతానన్నాడు. మీరు మనసులో ఎవరిని తప్పుపడుతున్నారో కూడా రాయండి. నన్నైతే నన్నే అనండి.

మీ చెల్లెలు
అన్నపూర్ణ


కమ్మింగ్
జూన్

అన్నపూర్ణకు,

నీ ఉత్తరం అందింది. ముందు నువ్వడిగిన దానికి జవాబు. అలేఖ్య నిన్ను తిట్టలేదు. గుమ్మం దాటేముందు, అమ్మకి చెప్పండి, ఆ అర్చన అమ్మ చేయించి ఉండదని నాకు తెలుసు, అంది. ఎలా తెలుసని అడిగాను. మా అమ్మ నా పేరు ఎప్పుడూ వేరేగా చెప్పి మొక్కుకుంటుంది అంకుల్, దాని పక్కన ఎవరినీ పెట్టదు, అంది.

నీ భర్త మేలో మరో ఉత్తరం రాశాడు. మనం ముసలివాళ్ళమయ్యాం, క్షమించుకుందాం అన్నాడు. జీవితమంతా చదివిన చరిత్రలో ఇంత చవకైన వాదన నాకు ఎదురుపడలేదు. వయసు మీద పడటం ఎవరి ఘనతా కాదు. తప్పించుకోలేక ముసలివాళ్ళమయ్యాం. దానికి బహుమతిగా క్షమాపణ దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఆయనకి నేను జవాబు రాయలేదు. రాయబోను.

ఎవరిని తప్పుపడుతున్నానని అడిగావు. నాకిప్పుడు తీరిక ఎక్కువ, అందర్నీ వరసగా నిలబెట్టి చూశాను.

పూజారి చీటీలో ఉన్నది చదివాడు. గుడివాళ్ళు దేవుణ్ణి కరీంనగర్ దాకా చూపించాలనుకున్నారు, చూపించారు. ఆ టైగర్లు, నిజం మాట్లాడేవాళ్ళు ముసుగేసుకుని మొరిగారు, వాళ్ళ మొరుగుడుతో అలేఖ్య తలుపు ఎవడికీ దొరకలేదు. పక్కింటి రేణు ఆ ఆదివారం మీ అల్లుడి కారు చూసి, తనే వచ్చి, "అంకుల్, మీ మేడమీద ఎవరో ఉన్నారని నాకు ఎప్పుడో తెలుసు, ఎవరికీ చెప్పలేదు" అంది. ఆవిడ గురించి నేను ఎన్నో నెలలు తప్పుగా అనుకున్నాను. ఆవిడ ఫోన్ నిండా గ్రూపులే, నోరు మాత్రం ఆవిడ సొంతం.

జగదీష్ ఉన్నాడు. వాణ్ణి ఎంత అసహ్యించుకున్నా ఒకటి ఒప్పుకోవాలి, వాడు కెమెరాని గోడ మీద అందరికీ కనిపించేలా బిగించాడు. వాడేమిటో అలేఖ్యకి తెలుసు, తెలిసే పారిపోయింది. తెలిసిన పాము నుంచి మనిషి పారిపోగలదు. వాడి తండ్రి వాడికోసం వెతికాడు, వాడి తల్లి టీవీ చూసింది. వాళ్ళు తమ పక్షాన నిలబడ్డారు. నేను వాళ్ళ దగ్గర అంతకంటే ఆశించలేదు.

మీ ఇంట్లో మనిషి అలా కాదు. అబద్ధం ఒక్కటి కూడా ఆడకుండా కూతుర్ని అప్పగించాడు. ఇంట్లో ఉందని అనలేదు, అడ్రసు చెప్పలేదు, దేవుడి మీద ఒట్టు కూడా నిజమే వేశాడు. తండ్రి చెప్పలేని మాటని పూజారి చేత చెప్పించి, ఆ తరవాత నీ మీదకి తోసేశాడు. ఎవరైనా పట్టుకుని అడిగితే చూపించడానికి చేతులు శుభ్రంగా ఉన్నాయి.

ఇక నీకు చెప్పక తప్పనిది ఒకటుంది. పది రోజుల కిందట నాకొక కవరు వచ్చింది. పైన రాసినవాళ్ళ పేరు లేదు. లోపల ఒక్కటే వాక్యం. దస్తూరీ అలేఖ్యది. ఏమని రాసిందో నీకు చెప్పను. ముద్ర ఏ ఊరిదో చెప్పను. బాగుందని కూడా రాయను, బాగా లేదని కూడా రాయను. ఈ ఉత్తరం షాపు అబ్బాయి దాచిపెడతాడని నాకు నమ్మకమే, నీ మీదా నమ్మకమే. కానీ నువ్వు ఇంటికెళ్ళి తలుపు తీస్తావు. నీ మొహంలో వెలుగొస్తే ఆయన చూస్తాడు. ఒక పూట అన్నం ఎక్కువ తింటే ఆయన లెక్క కడతాడు. మొన్న మార్చిలో నువ్వు అన్నం తిన్నావన్న కబురు కూడా నాకు ఆయనే రాశాడు. సాయంత్రం కరీంనగర్ నుంచి ఫోన్ వస్తుంది. ఆయన ఏమీ చెప్పడు. ఏమీ చెప్పకుండానే అవతలివాళ్ళకి తెలిసిపోతుంది.

అందుకని ఆ ఇంట్లో నువ్వు ఉన్నంతకాలం నీ కూతురి కబురు ఏదీ నా దగ్గరనుంచి నీకు రాదు. వేరే ఇంట్లో ఉంటే రాస్తాను. రేణు వాళ్ళ కింది గది ఖాళీగా ఉంది, అడిగి పెట్టాను. వస్తావో రావో నీ ఇష్టం, నేను బలవంతపెట్టను.

అప్పటిదాకా తల్లికి బిడ్డ బతుకు తెలియకుండా చేసినవాడి పేరు అడిగావు కనుక రాస్తున్నాను. ఎవరు చదివినా ఫరవాలేదు. కావాలంటే హాల్లో కెమెరా ముందు నిలబడి, ఈ కాగితం ఎత్తి పట్టుకుని చూపించు. భాస్కరరావు.

విశ్వనాథ్